తక్కువ దూరానికి ఎక్కువ టికెట్టు



తరగతి అనే మాట వినగానే మా ఉపాధ్యాయులకు నల్లబల్ల, బెంచీలు, పిల్లల అల్లరి గుర్తుకు వస్తాయి. రైల్వే స్టేషనులో అదే మాట వింటే టికెట్టు ధర గుర్తుకు వస్తుంది. విమానంలోనూ తరగతులున్నాయి. వెనుక భాగం ఎకానమీ, ముందు భాగం బిజినెస్ క్లాసు. గంటసేపటి ప్రయాణానికి ఆ ముందు భాగం ఎంతవరకు అవసరం? ఇదీ ఈనాటి నా ప్రసంగ విషయం.

ఈ సంగతి మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. హొసూరు, కృష్ణగిరి, కోలారు, చింతామణి వైపు మన పిల్లలు ఎందరో బెంగళూరులో చదువుకుని సింగపూరు, మలేషియాలకు ఉద్యోగాల మీద వెళ్లారు. అమ్మానాన్నలను చూడటానికి రమ్మంటున్నారు. "అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, ఖర్చయినా సరే, బిజినెస్ క్లాసు కొంటాను" అంటారు. ప్రేమతో అనే మాటే అది. అయితే ఆ డబ్బు ఇంటి అప్పు తీర్చడానికో, చెల్లెలి చదువుకో అక్కరకు వచ్చే డబ్బు కూడా. కనుక ఆ ఖర్చుతో ఏమి వస్తుందో తెలుసుకుని కొనడం మంచిది.

ఉదాహరణకు సింగపూరు, కౌలాలంపూరు నగరాల మధ్య మార్గాన్నే తీసుకుందాం. ఆకాశ మార్గాన దాదాపు 300 కిలోమీటర్లు. అంటే బెంగళూరు నుంచి చెన్నైకి పోయినంత. ప్రపంచంలో రద్దీగా ఉండే అంతర్జాతీయ మార్గాలలో ఇదొకటి. 2023లో అన్ని విమానాలూ కలిపి 48 లక్షలకు పైగా సీట్లు ఈ దారిలో నడిచాయి. ఈ రెండు దేశాలకూ ఒకప్పుడు ఒకటే విమాన సంస్థ ఉండేది. 1972లో అది రెండుగా విడిపోయి సింగపూరు ఎయిర్‌లైన్స్, మలేషియా ఎయిర్‌లైన్స్ అయ్యాయి.

ఇంత చిన్న దారికి బిజినెస్ క్లాసు ఎందుకు పెట్టారు? ముఖ్యంగా రెండు కారణాలు. లండన్ నుంచో సిడ్నీ నుంచో ముందు తరగతిలో వచ్చి, సింగపూరులో విమానం మారేవారికి చివరి గంట కూడా అదే తరగతి కావాలి. రెండవది, పని మీద తిరిగే వ్యాపారస్తులు. వారి టికెట్టు కంపెనీ కొంటుంది. సమావేశం ఆలస్యమైతే వేరే విమానానికి మార్చుకునే వీలు వారికి ముఖ్యం. మనవడిని చూడబోయే అవ్వాతాతల కోసం ఈ ఏర్పాటు పుట్టలేదు.

2019లో మా అక్కా నేనూ ఈ దారిలోనే వెళ్లాము. అక్క కొడుకు పట్టుబట్టి ఇద్దరికీ ముందు తరగతి టికెట్లు కొన్నాడు. విమానాశ్రయంలో వేరే కౌంటరు, వరుసలో నిలబడే పని లేదు. తరువాత లౌంజి అనే విశ్రాంతి గదిలో మెత్తని కుర్చీలు, కాఫీ, పలహారం. విమానంలో మాకు సీట్లు ఒక్కో వైపు రెండేసి. వెనుక ఒక్కో వైపు మూడేసి. వెనుక భాగంలో వరుసకూ వరుసకూ మధ్య సుమారు 30 అంగుళాలుంటే, ముందు 38, 40 అంగుళాల దాకా ఉంటుంది. కాళ్లు చాపుకోవచ్చు. అది నిజమైన సుఖమే.

కాని విమానం లేచి, సీటు బెల్టు దీపం ఆరి, వేడి తువ్వాలు ఇచ్చి, కొబ్బరిపాలతో వండిన అన్నం పళ్లెం ముందు పెట్టేసరికి సగం సమయం అయిపోయింది. అక్క నాలుగు ముద్దలు తిన్నదో లేదో, దిగబోతున్నామని చెప్పి పళ్లెం తీసుకున్నారు. "పెళ్లిలో రెండో బంతి వాళ్లు వెనక నిలబడినట్టు తొందర పెడతారేమే!" అన్నది అక్క. దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీలో మళ్లీ అందరిదీ ఒకటే వరుస.

ఇప్పుడు సింగపూరు ఎయిర్‌లైన్స్ వారి 737-8 రకం విమానాలలో బిజినెస్ సీటు పడకగా కూడా మారుతుంది. బాగానే ఉంది. గంట లోపల పడుకునేది ఎప్పుడు, లేచేది ఎప్పుడు?

ఒకప్పుడు 'రజులా' అనే ఓడ మద్రాసు, నాగపట్టణం నుంచి పెనాంగు, సింగపూరులకు నడిచేది. బీదలు రోజుల తరబడి పైన డెక్కు మీదే చాపలు పరుచుకుని పోయేవారు. గదిలో పడుకున్నవారికీ వారికీ ఎంత తేడా! అన్ని రోజులు ఎండలో, గాలిలో పోవాలి కనుక అక్కడ తరగతి దేహానికి తగిలేది. ప్రయాణం గంటకు కుదించుకుపోయినప్పుడు ఆ తేడా కూడా కుదించుకుపోతుంది. డబ్బు పెట్టే ముందు ఎన్ని గంటలు కూర్చోవాలో చూడాలి. బెంగళూరు నుంచి సింగపూరుకు నాలుగున్నర గంటల దాకా పడుతుంది. అందులోనూ రాత్రి ప్రయాణమైతే, సుఖానికి పెట్టదలచిన డబ్బు అక్కడ పెట్టండి, చివరి గంటకు కాదు.

మన దేశంలో కొనే టికెట్ల మీద పన్నులోనూ తేడా ఉంది. ఎకానమీకి జి.ఎస్.టి. 5 శాతం. బిజినెస్ క్లాసుకు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది.

మరి మోకాళ్ల నొప్పుల మాటేమిటి? అసలు చెప్పదలచింది ఇదే. పెద్దవారికి కష్టమయ్యేది సీటు కాదు, నడక. పెద్ద విమానాశ్రయంలో ద్వారం దాకా నడవడం, పాస్‌పోర్టు వరుసలో నిలబడటం, మెట్లు ఎక్కడం. ఇందుకు చక్రాల కుర్చీ, తోసే మనిషి సాయం ఉంది. నిజంగా నడవలేనివారికి ఆ సాయం ఎకానమీలోనూ దొరుకుతుంది. టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. కనీసం 48 గంటల ముందు చెప్పి, టికెట్టులో నమోదయిందో లేదో చూసుకోవాలి. మెట్లు ఎక్కలేనివారు ఆ సంగతి విడిగా చెప్పాలి. విమానం తలుపు దాకా కుర్చీ చాలునా, లోపల సీటు దాకా సాయం కావాలా అన్నది కూడా చెప్పాలి. నడవ పక్క సీటు అడిగి తీసుకుంటే లేచి కాస్త అటూ ఇటూ తిరగవచ్చు. మందులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

ఇవన్నీ అడగడానికి మన పెద్దవారు మొహమాటపడతారు. ఇంగ్లీషు రాదని, ఎవరైనా ఏమనుకుంటారోనని నొప్పి దాచుకుని నడుస్తారు. పిల్లలు ఖరీదైన టికెట్టు పంపి, ఈ ఒక్క మాట నమోదు చేయించడం మరచిపోతే, ఆ టికెట్టు అమ్మ మోకాలికి చేసిన మేలు తక్కువే. వారి అవసరాన్ని ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి వారి చేతికివ్వండి. అది చాలా పని చేస్తుంది.

బిజినెస్ క్లాసులో కూర్చోకూడదని నా ఉద్దేశం కాదు. శస్త్రచికిత్స అయి కాలు ముడవలేనివారికి, బాగా పొడగరులకు, ధరలో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు అది తగిన ఖర్చే. జీవితంలో ఒకసారి సరదా పడినా తప్పు లేదు. కాని వెనుక సీటులో కూర్చోవడం చిన్నతనం అనుకోకండి. ముందువారూ వెనుకవారూ ఒకే విమానంలో ఉన్నారు, ఒకేసారి నేల మీద దిగుతారు. మహా అయితే వారు నాలుగు నిమిషాల ముందు బయటికి వస్తారు. బయట మనవడు మాత్రం తన అవ్వ కోసమే ఎదురుచూస్తుంటాడు.