పాత బండి ఖర్చు



కురబలకోట చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ఒక పాత పికప్ బండి కనిపిస్తుంది. వేపచెట్టు కింద నిలబెట్టి ఉంటుంది. ముందు అద్దం మీద దేవుని పేరు. వెనక ఖాళీ క్రేట్లు. తెల్లారకముందే టమోటాలు వేసుకొని, అంగళ్ళు మీదుగా మదనపల్లె మండీకి పోతుంది.

బండి మగవాళ్ళ పని అంటారు. సరే, తోలేది వాళ్ళే. కానీ బండి మీద అప్పు ఎవరిది? పొదుపు సంఘంలో వేలిముద్ర వేసింది ఎవరు? సంతకం నేర్చుకున్నాక సంతకం పెట్టింది ఎవరు? అందుకని ఈ రోజు బండి గురించి మాట్లాడుకుందాం.

2005లో టాటా ఏస్ అనే చిన్న బండి వచ్చింది. హిందీలో దాన్ని చోటా హాథీ అని ముద్దుగా పిలుస్తారు. చిన్న ఏనుగు అని అర్థం. ఏనుగు అన్నారు కదా అని మనవాళ్ళు ఏనుగంత బరువు వేస్తారు! నిజానికి అది మోసేది ముక్కాలు టన్ను. అంటే 750 కిలోలు. టమోటా క్రేటు 25 కిలోలు అనుకుంటే 30 క్రేట్లు. 50 క్రేట్లు వేస్తే 1,250 కిలోలు అవుతుంది. ఆ 500 కిలోల ఎక్కువ బరువు ఊరికే పోదు. కమాన్ పట్టీలు విరుగుతాయి. టైర్లు పగులుతాయి. మిట్ట ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేటు కాలి వాసన వస్తుంది.

ఒక ఇల్లు ఉందనుకోండి. ఇలాంటి ఇళ్ళు మన మండలంలో చాలా ఉన్నాయి. ఆ ఇంటాయన 12 ఏళ్ళ పాత బండి కొన్నాడు. ఆ ఇంటి అక్క రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. చదివింది మరిచిపోకూడదని ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. ఏం రాయాలో తెలియక, బండికి ఏ రోజు ఏం పోసినారో అదే రాసేది. డీజిలు ఎంత, ఆయిలు ఎంత, రేడియేటర్లో నీళ్ళు ఎన్ని చెంబులు. ఆయన నవ్వేవాడు.

"నీళ్ళు కూడా రాస్తావా మే? నీళ్ళకు దుడ్డు ఇస్తామా?"

జూలై నెలలో ఒక రోజు పక్కింటి వదిన కాయలు 45 క్రేట్లు వేసుకొని బయలుదేరినాడు. ధర బాగుండే రోజులు. టమోటా ధర సంగతి మీకు చెప్పాలా? 2023 జూలైలో మదనపల్లె మండీలో కిలో 150 రూపాయలు దాటింది. ఇంకో ఏడు అవే కాయలను అడిగేవాళ్ళు లేక రోడ్డు పక్కన పారబోసినారు. ధర ఉన్న రోజు బండి ఆగితే రైతు గుండె ఆగినట్టే.

అంగళ్ళు దగ్గర బండి వేడెక్కింది. ముల్లు ఎర్ర గీత దాటింది. ఆయన ఆపినాడు. ఆపింది మంచిదే. కానీ తొందరలో రెండు తప్పులు చేసినాడు. వేడి మీదనే రేడియేటర్ మూత తిప్పినాడు. ఆవిరి ఎగజిమ్మి చెయ్యి కాలింది. తర్వాత కాలిపోతున్న ఇంజన్లో చల్లటి నీళ్ళు పోసి, మళ్ళీ తోలినాడు. పొయ్యి మీది కాలిన మట్టి పెంకు మీద చల్లనీళ్ళు పోస్తే ఏమవుతుంది? పగులుతుంది కదా. ఇంజన్ ఇనుమైనా, అంత వేడి మీద చల్లనీళ్ళు పడితే పైభాగం వంకర పోతుంది. దాని కింద ఉండే గ్యాస్కెట్ పోతుంది.

కాయలు వేరే బండిలోకి మార్చినారు. వేలం అయిపోయే వేళకు చేరినాయి. వదినకు ధర తగ్గింది. ఆమె ఏమీ అనలేదు. ఆ అననిదే ఎక్కువ బాధపెట్టింది. బాడుగ వద్దన్నారు.

షెడ్డులో బిల్లు ఇచ్చినారు. అక్క ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివింది.

నీళ్ళ పైపు 350. గ్యాస్కెట్ సెట్టు 1,800. లేతులో హెడ్డు చదును చేసినందుకు 1,200. ఇంజన్ ఆయిలు 1,600. కూలెంటు 450. కూలి 3,500. మొత్తం 8,900 రూపాయలు.

ఈ ధరలు లెక్క కోసం చెప్పినవి. ఊరును బట్టి, బండిని బట్టి మారుతాయి. మీరు రెండు షెడ్లలో అడగండి. పని మొదలు పెట్టకముందే అడగండి.

ఆ నెల బాడుగ వచ్చింది 18,000. డీజిలుకు 7,500. అప్పు కంతు 4,000. మిగిలింది 6,500. రిపేరుకు చాలలేదు. ఇంకా 2,400 చేతినుంచి పడింది.

"అన్నా, తీసేసిన పాత సామాన్లు ఇవ్వు" అని అడిగింది అక్క.

ఇది అందరూ అడగాలి. కొత్తది వేసినారంటే పాతది ఉండాలి కదా. మెకానిక్కు చిరాకు పడలేదు. పాత పైపు తెచ్చి చూపించినాడు.

"చూడక్కా, ఎన్ని నెర్రెలో. ఇది ఈ రోజు పగిలింది కాదు. నెలగా కారుతా ఉంటాది."

ఇంటికి పోయి అక్క పుస్తకం తీసింది. జూన్ మొదట్లో వారానికి ఒక చెంబు నీళ్ళు. జూన్ చివర మూడు రోజులకు ఒక చెంబు. జూలైలో రోజూ. ఎవరూ చూడలేదు. రాసిన అక్క కూడా వెనక్కు తిప్పి చదవలేదు. 350 రూపాయల పైపు 8,900 అయింది.

ఇంకో మాట. మన బోరు నీళ్ళు కాచే కుండలో తెల్లటి గార కడుతుంది కదా. రేడియేటర్లో కూడా అదే గార. సన్న గొట్టాలు పూడిపోతాయి. అందుకే కూలెంటు పోయమంటారు.

పొగ చూసి కూడా జబ్బు చెప్పొచ్చు. నల్ల పొగ అయితే డీజిలు సరిగా కాలడం లేదు. గాలి ఫిల్టరు దుమ్ముతో నిండి ఉంటుంది. దాన్ని మార్చడం చిన్న ఖర్చు. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిలు కాలుతోంది. అది పెద్ద ఖర్చు. చలి పొద్దున కొంచెం తెల్ల ఆవిరి వస్తే భయం లేదు. బండి వేడెక్కినాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్ళు ఇంజన్ లోపలికి పోతున్నాయి.

బ్రేకు విషయంలో మాత్రం బేరం వద్దు. తొక్కితే కాలు లోపలికి దిగిపోతుంటే ఆ రోజు బండి తీయవద్దు. హార్స్‌లీ కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

కాగితాలు కూడా చదవండి. 8 ఏళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఇన్సూరెన్సు తేదీ చూడండి. ఇంకొకటి. కూలికి పోయేటప్పుడు సరుకు బండి వెనక ఎక్కుతాం. ఊరికే ఎక్కినవాళ్ళకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బండి బోల్తా పడితే ఆ ఇంటికి దిక్కెవరు? కూలికి పిలిచినవాళ్ళను ఆటో పెట్టమని అడగండి. ఒక్కరు అడిగితే పని పోతుంది. పదిమంది కలిసి అడగండి.

ఇప్పుడు ఆ ఇంటి బండి నీలం పొగ వదులుతోంది. ఇంజన్ పనికి 45,000 అవుతుందని మెకానిక్కు చెప్పినాడు. అమ్మితే లక్ష వస్తుందేమో. ఆయన అమ్ముదామన్నాడు. అక్క పుస్తకం ముందు పెట్టింది. అమ్మితే అప్పు తీరుతుంది, కానీ బాడుగ ఉండదు. ఇంజన్ చేయిస్తే ఇంకో అప్పు. రెండు రాత్రులు లెక్క వేసినారు. చివరికి మెకానిక్కునే అడిగినారు.

"ఒక లీటరు ఆయిలు పది రోజులు వస్తే ఈ పంటకు నెట్టుకు రావొచ్చు. వారానికే అయిపోతే ఆపేయండి" అన్నాడు.

ఇప్పుడు బండికి 30 క్రేట్లే వేస్తున్నారు. ఆయన గొణుగుతూనే ఉన్నాడు. రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, అక్క ఆయిలు పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి చూస్తుంది. పుస్తకంలో రాస్తుంది. పోయినసారి లీటరు 11 రోజులు వచ్చింది. ఈసారి ఈ రోజుకు 6 రోజులు.