నిషేధము – భయము



రాత్రింబవళ్లు తలుపులు మూయని అమ్మ మన చెంగాళమ్మ పరమేశ్వరి. సూళ్లూరుపేటలో ఈ తల్లి సన్నిధిని నేడు నిషేధమును గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము. ఇక్కడి నుండి పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. రాకెట్టు బయలుదేరే ముందు అక్కడి పెద్దలు వచ్చి అమ్మకు మ్రొక్కిపోవడం మీరెరిగినదే.

2009 ఏప్రిల్ 20న అక్కడి నుండి పి.ఎస్.ఎల్.వి. సి-12 ఎగసినది. సెప్టెంబరు 23న వెళ్లినదానికి సి-14 అని పేరు. నడుమ సి-13 లేదు. జి.ఎస్.ఎల్.వి. విషయమూ అంతే: 2023 మే 29న ఎఫ్-12, 2024 ఫిబ్రవరి 17న ఎఫ్-14. పదమూడు అచ్చిరాని సంఖ్య గనుక దాటించారని లోకం చెప్పుకొన్నది. ఎవరికి అచ్చిరానిది? క్రీస్తు కడపటి విందులో పదమూడుగురు కూర్చున్నారని పాశ్చాత్యులు చెప్పుకొనే భయమది. 1970 ఏప్రిల్‌లో అపోలో-13 నౌకలో ప్రాణవాయువు తొట్టి పేలడంతో అది మరింత ముదిరినది. ఆ నౌకలోని ముగ్గురూ క్షేమంగా తిరిగివచ్చిన సంగతి తలచేవారు తక్కువ! మనకో, త్రయోదశి ప్రదోషవేళ శివారాధనకు ప్రశస్తము. మరణాశౌచం గడచి శుభస్వీకారం చేసేది మనలో అనేకుల ఇండ్లలో పదమూడవనాడే. ఇది అరువు తెచ్చుకొన్న భయం.

మంగళవారపు భయం మాత్రం మన సొంతం. ముహూర్తశాస్త్రం ఆ వారాన్ని వివాహాదులకు వర్జించినది. ఋణం తీర్చడానికి మంచిదని పెద్దలన్నారు. ఆ హద్దును మరచి లోకం ప్రతి పనికీ జంకుతున్నది. మంగళయాన్ బయలుదేరినది 2013 నవంబరు 5, మంగళవారం, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు. 2014 సెప్టెంబరు 24న అది కుజుని కక్ష్యలో ప్రవేశించినది.

పాఠశాలలో మీమాంస చెబుతూ మా గురువుగారు, ప్రాప్తి ఉన్నచోటనే నిషేధమని బోధించేవారు. మనిషికి చేయాలని ఉన్నదానినే వద్దనాలి. ఆకాశాన్ని మ్రింగవద్దని ఎవరూ శాసించరు. శాస్త్రనిషేధానికి ఎవరికి, ఎప్పుడు, ఏ కర్మలో అనే ఎల్ల ఉంటుంది. లోకనిషేధానికి శాసించినవాడే కనబడడు. అడిగితే, "మాకు నమ్మకం లేదు కాని, ఎందుకొచ్చిన గొడవ" అంటారు. అందరూ అలా అనడం వలననే అది బ్రతుకుతున్నది.

సంఖ్యను విడిచిపెడితే సంఖ్యకు నొప్పి లేదు. మనిషిని విడిచిపెడితే?

మా తండ్రిగారు గతించిన కొన్నేండ్లకు మా కుమార్తె వివాహం జరిగినది. పసుపు దంచిన నాటి నుండి మా తల్లిగారు వెనుక గదిలోనే ఉండిపోయారు. ఎవరూ పొమ్మనలేదు. మేమూ రమ్మనలేదు. తల్లి ఆశీస్సు అశుభమని మేము చదివిన ఏ గ్రంథమూ చెప్పలేదు. అయినా, నలుగురికి ధర్మసందేహాలు తీర్చే మేము ఆనాడు నలుగురి ముఖాలు చూసి ఊరకున్నాము. మాంగల్యధారణ వేళ మంగళవాద్యాలు మ్రోగగానే ఆ గది తలుపు జానెడు తెరుచుకొన్నది. అక్షతలు పట్టుకొన్న చేయి కనబడినది. మేము పీటల మీద నుండి లేవలేదు. తలుపు మళ్లీ మూసుకొన్నది.

గురువుగారు చెప్పిన ప్రాప్తి అనే మాటకు అర్థం మాకు బోధపడినది అప్పుడే. మనుమరాలి పెండ్లికి ఆమెను ముందు పీట మీద కూర్చోబెట్టవలెనని అనుకొన్నాము. అప్పటికి ఆమె లేరు.