వెనక్కి తీసుకోవడం తెలిసిన చదువు

 

నా ఉద్యోగమంతా హైదరాబాదులో, అణు ఇంధనం తయారీలోనే గడిచింది. సహజ యురేనియం బిళ్ళలు పేర్చిన గొట్టాలు పంతొమ్మిదింటిని కలిపితే ఒక బండిల్. అరమీటరు పొడవు, సుమారు 16 కిలోల బరువు. కొత్త బండిల్‌ని తొడుగులు వేసుకుని చేతుల్తోనే ఎత్తి, వెలుతురులో తిప్పి, గీత పడిందేమో చూసేవాళ్ళం. అదే బండిల్ రియాక్టర్‌లోంచి బయటికొచ్చాక, కవచం లేకుండా దగ్గర నిలబడ్డ మనిషి బతకడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంచాలి. అందులో పుట్టే ప్లుటోనియం-239 సగానికి తగ్గాలంటేనే 24,000 ఏళ్ళు.

అణుబాంబు అనగానే అందరూ 1945 జులై 16 నాటి తొలి పరీక్షనీ, ఆ బాంబు తయారీని నడిపించిన ఓపెన్‌హైమర్‌కి గుర్తొచ్చిన గీతాశ్లోకాన్నీ చెబుతారు. నన్నడిగితే మనం చదవాల్సింది మహాభారతంలోని సౌప్తిక పర్వం. అర్జునుడూ అశ్వత్థామా ఒకే గురువు దగ్గర నేర్చిన అస్త్రాన్నే వేశారు. వ్యాసుడూ నారదుడూ అడ్డొచ్చారు. నిగ్రహమున్న అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు చేతకాలేదు. ఆ అస్త్రం పోయి ఉత్తర కడుపులోని బిడ్డకు తగిలింది. హిరోషిమా, నాగసాకిల్లో తల్లి గర్భంలో ఉండగానే రేడియేషన్ తగిలి, చిన్న తలలతో పుట్టిన పిల్లలున్నారు. ఏ యుద్ధం చేశారు తల్లీ ఆ పసివాళ్ళు?

ఉత్తర కడుపులోని ఆ బిడ్డను, పరీక్షిత్తును, కృష్ణుడు బతికించాడు. మనం వదిలేసిన అణు చెత్తనూ ఆయనే చూసుకుంటాడని కూర్చుంటే అది భక్తి కాదు, బాధ్యత తప్పించుకోవడం.

అలాగని అణుశక్తే పాపమని నేననను. కోబాల్టు-60 కిరణాలు ఎందరికో క్యాన్సర్ తగ్గించాయి. అణు కరెంటూ మనకు కావాలి. నా బెంగల్లా ఇవాళ పట్టాలు అందుకున్న మీ గురించే. మీ ప్రాజెక్టు రిపోర్టులు చూశాను. ఎలా మొదలెట్టాలో నలభై పేజీలు రాస్తారు, ఎలా ఆపాలో అర పేజీ కూడా రాయరు! ఇదేం చదువు నాయనా? ఆపడం తెలిసినవాళ్ళూ ఉన్నారు: జర్మనీ బాంబు చెయ్యడం లేదని తెలియగానే, 1944 చివర్లో జోసెఫ్ రాట్‌బ్లాట్, అమెరికా అణుబాంబు తయారుచేస్తున్న మన్‌హాటన్ ప్రాజెక్టును వదిలి వెళ్ళిపోయాడు. ఆయనా రేపటి మీలాగే ఉద్యోగం చేసుకునే మనిషే, భౌతికశాస్త్రవేత్త.

రేపు మీ బల్ల మీదికి ఏ డిజైనో వస్తుంది. దీన్ని ఎలా ఆపుతారు, మిగిలింది ఎక్కడ పెడతారు, ఎన్నాళ్ళు ఎవరు కాపలా కాస్తారు అని అడగండి. జవాబు రాకపోతే, పై అధికారి ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టకండి.