రోడ్డు ప్రమాదం: ఎవరికి ఏ దెబ్బ?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకే రోడ్డు మీద ప్రమాదం జరిగినా అందరికీ ఒకే దెబ్బ తగలదు. ఎవరు ఎట్లా పోతున్నారో దాన్నిబట్టి దెబ్బ ఉంటుంది. ఈ సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలని నా మనవి.

నడిచిపోయేవారిని కారు గుద్దితే ముందు బంపరు తగిలి మోకాలి కింద ఎముక విరుగుతుంది. ఆ వెనుకే తల అద్దానికో, నేలకో కొట్టుకుంటుంది. కాలికి కట్టు కట్టించి ఊరుకుంటే తలదెబ్బ మరుగున పడుతుంది.

మోటారు సైకిలు వారికి దెబ్బలు ఎక్కువగా తలకు, కాళ్లకు. కాలు విరిగితే డాక్టర్లు ప్లేటు వేసి నడిపిస్తారు. మెదడు నలిగితే ఏ ప్లేటు వేస్తారు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల వారే. హెల్మెట్ తోలేవాడికే అనుకుంటాం. వెనక కూర్చున్న తల్లి తల తల కాదా? నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ ఉండాలని చట్టమే చెబుతోంది. పండుగనాడు ఒకే బండి మీద ముగ్గురు పిల్లలు పోతుంటే చూసి ముచ్చటపడకండి, దింపండి. బుర్ఖా, దుపట్టా అంచులు చక్రంలో పడితే మెడ బిగుస్తుంది. ఎక్కగానే ఒడిలోకి సర్దుకోవాలి.

మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఆటోల్లో కిక్కిరిసి పోతారు. ఆటో బోల్తాపడితే మనుషులు బయటపడి దాని కిందే నలుగుతారు. బస్సులో ముందు సీటు కడ్డీ తగిలి ముఖం, మోకాళ్లు దెబ్బతింటాయి. నంద్యాల ఘాటు మలుపుల్లో మోచేయి కిటికీ బయట పెడితే చేయే పోవచ్చు.

ప్రమాదస్థలంలో అరిచేవారికన్నా అరవనివారిని ముందు చూడండి. వాంతులు, మత్తు, తడబడే మాట, చెవిలోంచి రక్తం తలదెబ్బకు గుర్తులు. మెడ కదిలించవద్దు, నీళ్లు తాగించవద్దు, 108కి ఫోన్ చేయండి. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని భయపడవద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో చట్ట సవరణ అట్టివారికి రక్షణ ఇచ్చాయి. 2025 నుంచి కేంద్ర పథకం కింద, గుర్తించిన ఆస్పత్రుల్లో, 7 రోజుల వరకు లక్షా యాభై వేల రూపాయల దాకా వైద్యం డబ్బు కట్టకుండానే లభిస్తుంది.

బండి ఉన్న ప్రతి ఇంట్లో రెండో హెల్మెట్ కూడా ఉండాలి. ఈ ఏడాది సంఘం ఈ ఒక్క పని చేయించగలిగితే చాలు.