తుపాను వెళ్ళాక మన పేరు జాబితాలో ఉండాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మురమళ్ళ సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, లింకేజి ఎంత, రికవరీ ఎంత అనేది ఇంతకు ముందే నివేదికలో చదివారు. మాకు మాట్లాడమని ఇచ్చింది తుపాను సాయం సంగతి. గాలి గురించి కోనసీమ ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. గాలి వెళ్ళిపోయాక వచ్చే జాబితాల గురించి మాత్రం చెప్పుకోవాలి. ఆ జాబితాలో పేరు ఉన్నవాళ్ళు తొందరగా లేస్తారు, లేనివాళ్ళు అప్పు చేసి లేస్తారు. అందుకే ఈ మాటలు.

మాలో చాలామందిమి 1996 నాటికి చిన్నపిల్లలం. నవంబరు 6, బుధవారం, దీపావళి నాలుగు రోజులుందనగా ఆ తుపాను కాకినాడకి దిగువన రాత్రి పూట తీరం దాటింది. అప్పటికి తుపాన్లకి పేర్లు పెట్టే పద్ధతి మన సముద్రానికి రాలేదు. అది 2004లో మొదలైంది. అందుకే మన పెద్దవాళ్ళకి అది ఇప్పటికీ 'తొంభై ఆరు తుపాను'. అప్పుడు మనది తూర్పు గోదావరి జిల్లా. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల ఇళ్ళు కూలాయి, దెబ్బతిన్నాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఉప్పెన వచ్చి వేటకి వెళ్ళినవాళ్ళు, రొయ్యపిల్లలు పట్టుకోవడానికి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. కొబ్బరి చెట్లు వరసాగ్గా పడిపోయాయి. ఈ సంగతి మన అమ్మలు చెప్పినప్పుడు చనిపోయినవాళ్ళ తర్వాత చెప్పేది చెట్ల గురించే. ఎందుకంటే ఇల్లు ఏడాదిలో కట్టుకోవచ్చు, కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు ఆగాలి. ఆ ఐదారేళ్ళూ వలుపు పని లేదు, పీచు పని లేదు, ఈనెల చీపురు కూడా లేదు. ఆ పనులన్నీ చేసేది ఎవరండీ? మనమే కదా.

ఆ తర్వాత ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. 1997 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో తుపాను పునరుద్ధరణ ప్రాజెక్టు నడిచింది. కరెంటు లైన్లు, రోడ్లు, మురుగు కాలవలు బాగుచేశారు. తీరంలో సరుగుడు తోటలు పెంచారు. ముందు హెచ్చరిక చేసే ఏర్పాట్లు మెరుగుపరిచారు. 2011 నుంచి మన రాష్ట్రంలోనూ ఒడిశాలోనూ తుపాను షెల్టర్లు కట్టడానికి కేంద్రం ఇంకో ప్రాజెక్టు పెట్టింది. 2002లో ఎదుర్లంక, యానాం మధ్య బాలయోగి గారి పేరున వారధి వచ్చింది. అంతకు ముందు గోదావరి దాటాలంటే రేవులో పంటు కోసం కాసుకుని కూర్చోవడమే. గాలివానలో పంటు నడవదు. వారధి కూడా ప్రాణాలు కాపాడే పనే అని మేము అంటాం.

ఇక మొన్న 2025లో వచ్చిన మొంథా. నాగుల చవితి వెళ్ళిన మూడు రోజులకి, అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈసారి రెండు మూడు రోజుల ముందే సెల్‌ఫోన్లకి మెసేజిలు వచ్చాయి, మైకులో చెప్పారు. నెలలు నిండిన గర్భిణీలని ముందే ఆసుపత్రులకి చేర్చారు. పల్లపు ఇళ్ళవాళ్ళని, పాకల్లో ఉన్నవాళ్ళని శిబిరాలకి తీసుకెళ్ళారు. శిబిరాలకి వెళ్ళినవాళ్ళకి మనిషికి 1,000 రూపాయలు, కుటుంబానికి 3,000 మించకుండా ఇస్తామన్నారు. బియ్యం 25 కిలోలు, మత్స్యకారులకి, చేనేతవాళ్ళకి 50 కిలోలు అన్నారు. 1996కీ దీనికీ తేడా ఎక్కడుందంటే, అప్పుడు సాయం శవాలు లెక్కపెట్టాక వచ్చింది, ఇప్పుడు గాలి రాకముందే మొదలైంది.

బయటి దేశం సంగతి ఒకటి చెప్పాలి. 1991లో బంగ్లాదేశ్‌లో వచ్చిన తుపానుకి లక్షా ముప్పై వేలమందికి పైగా చనిపోయారు. అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువ. ఇంటాయన వస్తే వెళదామని ఆగారు, పిల్లల్ని పట్టుకుని పరిగెత్తలేకపోయారు, మగవాళ్ళున్న షెల్టర్‌కి ఎలా వెళ్ళేదని సిగ్గుపడ్డారు. తర్వాత అక్కడ ఊళ్ళల్లో ఆడ వాలంటీర్లని పెట్టి ఇంటింటికీ పంపించారు. చావులు బాగా తగ్గాయి. చాటింపు మైకులో వేస్తే మగాళ్ళకి వినపడుద్ది, తలుపు తట్టి ఇంకో ఆడది చెబితేనే మనం కదులుతాం. మన సంఘాలు ఆ పని చెయ్యగలవు. మొంథా ముందు రోజు మా వీధుల్లో సంఘాల లీడర్లం ఇల్లిల్లూ తిరిగాం. ముసలమ్మలు "గేదెని ఒదిలి ఎలా వస్తామే" అన్నారు. పలుపు విప్పేసి మెరక మీదకి తోలించాకే వాళ్ళు కదిలారు.

ఇప్పుడు జాబితాల సంగతి. అక్కల్లారా, ఈ లెక్కలు గుర్తుపెట్టుకోండి. 2022 నుంచి 2026 వరకు కేంద్రం విపత్తు నిధికి పెట్టిన రేట్లు ఇవి. ఈ నిధిలో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 75 పైసలైతే రాష్ట్రం వాటా 25 పైసలు. మనిషి చనిపోతే 4 లక్షలు. ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, కచ్చా ఇంటికి 4,000, పాక పోతే 8,000. పశువుల పాకకి 3,000. పాడి గేదె, ఆవు చనిపోతే 37,500, మేకకి 4,000, కోడికి 100. పడవ పూర్తిగా పోతే 15,000, వల పోతే 4,000. నీటి వసతి ఉన్న చేనుకి హెక్టారుకి 17,000, అదీ పంట నష్టం 33 శాతం దాటితేనే, రెండు హెక్టార్ల వరకే. ఇవి కింది గీతలు. రాష్ట్ర ప్రభుత్వం వీటి మీద కలిపి ఇవ్వొచ్చు.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కడ జారిపోతున్నారో చూడండి.

ఒకటి, గేదె. చచ్చిన గేదెని వాసనొస్తుందని అదే రోజు పాతిపెట్టేస్తాం. పశువుల డాక్టరు చూసి రాయకుండా పాతిపెడితే ఆ 37,500 కూడా దాంతోపాటే గోతిలోకి వెళ్ళిపోద్ది. ముందు కబురు పెట్టండి, ఫోటో తియ్యండి, చెవికి బిళ్ళ ఉంటే ఆ నంబరు కనపడేలా తియ్యండి.

రెండు, ఇల్లు. గాలి తగ్గగానే మగవాళ్ళు నిచ్చెనేసి రేకులు సర్దేస్తారు. వర్షంలో పిల్లల్ని పెట్టుకుని ఉండలేం, తప్పు లేదు. కానీ సర్దేముందు రెండు ఫోటోలు తియ్యాలి, ఇల్లు అంతా వచ్చేలా ఒకటి, పోయిన చోటు ఒకటి. రాసేవాళ్ళు వచ్చేది మూడో రోజో ఐదో రోజో. అప్పటికి సర్దిన ఇల్లు చూసి ఏం రాస్తారు?

మూడు, బియ్యం కార్డు. ఒకే కార్డు మీద మూడు కాపరాలు ఉన్న ఇళ్ళు మన ఊళ్ళల్లో బోలెడు. పొయ్యిలు మూడు, బస్తా ఒకటి. మొన్న మాలో ఒక చెల్లి తోటికోడళ్ళతో ఆ బస్తా కొలుచుకోవాల్సి వచ్చింది. పెళ్ళయి వేరుపడిన కోడళ్ళు కార్డు వేరు చేసుకునే అర్జీ తుపాను లేని రోజుల్లోనే పెట్టుకోవాలి.

నాలుగు, ఇదే పెద్దది. కౌలు. మన సభ్యుల్లో కౌలు చేసేవాళ్ళు చాలామంది. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు. కానీ దానికి భూమి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసాములు భయపడతారు. కార్డు వల్ల కౌలుదారుకి భూమి మీద హక్కు రాదని ఆ చట్టంలోనే ఉంది. ఆ మాట వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో పేరు ఆసామిదే ఎక్కుద్ది. నారు పోసింది, ఊడ్చింది, కలుపు తీసింది మనం. సార్వా చేను పడిపోయి గింజ నీళ్ళల్లో నానితే ఏడ్చేది మనం. పరిహారం మాత్రం హైదరాబాదులో ఉన్న ఆసామి ఖాతాలో పడుద్ది. మంచి ఆసామి అయితే తెచ్చి ఇస్తాడు. ఇయ్యకపోతే అడగడానికి మన చేతిలో కాగితం లేదు. ఒక్క ఆడది వెళ్ళి సంతకం అడిగితే "చూద్దాంలే" అంటారు. గ్రామ సమాఖ్య తరఫున పది మందిమి, రైతు సేవా కేంద్రం వాళ్ళని కూడా తీసుకుని వెళ్ళి అడిగితే మాట వేరేగా ఉంటుంది. ఊడ్పులకి ముందే ఇది జరగాలి.

చివరిగా అప్పుల సంగతి. తుపాను నెలలో కిస్తీ ఎలా కట్టాలి? ఒక సభ్యురాలు కట్టలేకపోతే సంఘం మొత్తం వాయిదా తప్పినట్టు లెక్క, సున్నా వడ్డీ రాదు. దాంతో కట్టగలిగినవాళ్ళకి కట్టలేనిదాని మీద కోపం. వారం ఫైనాన్సు తెచ్చి కిస్తీ కట్టడం అక్కడ మొదలవుద్ది. అది పొయ్యి ఆర్పడానికి కిరసనాయిలు పొయ్యడమే. రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం విపత్తు వచ్చిన చోట బ్యాంకులు వాయిదాలు తిరగరాయొచ్చు, కొంతకాలం ఆగొచ్చు. అడగకుండా వాళ్ళంతట వాళ్ళు రాయరు. సంఘం తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, వాయిదా తేదీ రాకముందే బ్యాంకులో ఇవ్వాలి.

అందుకని ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం.

మొదటిది, నష్టపోయిన సభ్యురాలికి సంఘం లోపలి అప్పు కిస్తీ మూడు నెలలు జరపాలి, అపరాధ రుసుం వెయ్యకూడదు. పొదుపు మాత్రం ఎంతో కొంత ఆపకూడదు, పదుపు ఆగితే మనిషి సంఘానికి దూరమవుద్ది. రెండోది, ప్రతి గ్రామ సమాఖ్యలో ఇద్దరు సభ్యులు తుపాను పుస్తకం పెట్టాలి. ఎవరింట్లో గర్భిణీ, ఎవరింట్లో మంచంలో ఉన్నవాళ్ళు, ఎవరు కౌలు, ఎవరికి ఎన్ని పశువులు, అన్నీ జూన్ నెలలోనే రాసుకోవాలి. సచివాలయంలో నష్టం జాబితా అంటించిన రోజు ఆ పుస్తకం తీసుకెళ్ళి పేర్లు సరిచూసి, లేని పేర్లకి గడువులోపు అర్జీ ఇవ్వాలి. మూడోది, కౌలు కార్డుల కోసం ఊడ్పులకి ముందు అన్ని ఊళ్ళల్లో ఆసాముల దగ్గరికి సమాఖ్య తరఫున వెళ్ళాలి.

తొంభై ఆరులో మన అమ్మలకి సంఘాలు లేవనే చెప్పాలి. ఉన్నవి కూడా అప్పుడప్పుడే మొదలైన డ్వాక్రా గ్రూపులు. వాళ్ళు లారీ వస్తే వరసలో నిలబడ్డారు, ఇచ్చింది తీసుకున్నారు, ఇవ్వకపోతే ఇంటికొచ్చేశారు. మనకి తీర్మానం పుస్తకం ఉంది, ముద్ర ఉంది, బ్యాంకులో ఖాతా ఉంది. సాయం అడుక్కోవడం వేరు, రాసి ఉన్నది రాబట్టుకోవడం వేరు. మనం చేసేది రెండోది.

తీర్మానాల మీద ఊరూరి వాళ్ళు మాట్లాడాలి, ఒప్పుకుంటే చేతులెత్తాలి, ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాలి.