బ్రూజ్: కాలువల ఊళ్ళో రెండు రోజులు



"నువ్వు చూసొచ్చిన ఊరేదైనా ఉంటే దాని గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు సంఘం వారు. నేను ఇంజనీరును, మాటకారిని కాను. మా నాన్న లాకుల దగ్గర లస్కరుగా చేసేవారని మీలో చాలామందికి తెలుసు. అందుకే ఏ ఊరెళ్ళినా నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో ముందు చూడటం నాకు అలవాటు. అలా చూడవలసిన ఊరు బెల్జియంలోని బ్రూజ్.

మొదటిసారి ఆఫీసు పని మీద బ్రస్సెల్స్ వెళ్ళి, ఒక ఆదివారం రైలెక్కాను. గంట ప్రయాణం. ఊరంతా నడిచి చూసేయొచ్చు. కానీ ఒక్క పూటలో చూసి వచ్చేస్తే చూసినట్టు కాదు. రెండోసారి మా ఆవిడతో వెళ్ళి రెండు రోజులున్నాను. మీరు వెళితే ఒక రాత్రి అక్కడే ఉండండి. పగటి జనమంతా సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోయాక ఆ కాలువలు మనవే.

ముందు మార్క్ట్ అనే పెద్ద చౌకు. అక్కడ 83 మీటర్ల గంటల గోపురం ఉంది. మెట్లు 366, గంటలు 47. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే కూర్చుని గంటలు వినండి. అదే చౌకులో ఒకప్పుడు నీళ్ళ మీదే కట్టిన పెద్ద హాలు ఉండేది. పడవలు నేరుగా దాని లోపలికి వచ్చి సరుకు దించేవి. 1787లో దాన్ని పడగొట్టారు. కింద ఉన్న కాలువ మీద కప్పు వేశారు.

అక్కడి నుంచి అవర్ లేడీ చర్చికి వెళ్ళండి. దాని గోపురం దాదాపు 115 మీటర్లు, అదీ ఇటుక కట్టడం. లోపల మైకెలాంజెలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి బొమ్మ ఉంది. ఆయన బతికుండగానే బ్రూజ్ వర్తకులు కొని తెచ్చుకున్నారు. 1794లో ఫ్రెంచివారు, 1944లో జర్మన్లు ఎత్తుకుపోయారు. రెండుసార్లూ తిరిగి వచ్చింది. ఎదురుగా ఉన్న పాత సెయింట్ జాన్ ఆసుపత్రిలో హాన్స్ మెమ్లింగ్ చిత్రాలు చూడండి. తరువాత 1245లో మొదలైన బెగినాజ్‌కి వెళ్ళండి. పెళ్ళి చేసుకోకుండా, పూర్తి సన్యాసమూ తీసుకోకుండా భక్తితో బతికిన ఆడవాళ్ళ తెల్లటి ఇళ్ళ వాడ అది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు.

లేసు కొట్ల దగ్గర మా ఆవిడ అరపూట నిలబడిపోయింది. మన నరసాపురం లేసు ఒక్క కొక్కెం సూదితో అల్లేది. అక్కడిది దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కర్రలు డజన్ల కొద్దీ అటూ ఇటూ మారుస్తూ అల్లేది. నాకు నచ్చింది వేరు. ఊరి నడిబొడ్డున ఉన్న ఒక బీరు కర్మాగారం నుంచి ఊరి బయట సీసాలు నింపే చోటికి 2016లో భూమి లోపల మూడు కిలోమీటర్ల పైపు వేశారు. పాత రాళ్ళ వీధుల్లో ట్యాంకర్లు తిరగకూడదని! మన పంచాయతీ కుళాయి అలా వస్తే బాగుండు అనుకున్నాను.

చివర పడవ ఎక్కండి. ఎండాకాలంలో అయితే తిరుగుడు అరగంట. ఆ అరగంటలో నాకు తట్టింది చెబుతాను.

సముద్రం ఊరికి దూరం. 1134లో ఒక తుపాను జ్విన్ అనే పాయను తవ్వి సముద్రాన్ని దగ్గరికి తెచ్చింది. ఓడలు వచ్చాయి, ఇంగ్లండు ఉన్ని వచ్చింది, ఊరు యూరప్‌లోనే గొప్ప సంత అయింది. కొన్ని దేశాల్లో స్టాక్ మార్కెట్టును బోర్స్ అంటారే, ఆ మాట ఇక్కడి వాన్ డెర్ బ్యూర్స్ కుటుంబం సత్రం నుంచి వచ్చిందని చెబుతారు. తరువాత పాయ పక్కన ఉన్న పర్ర భూములకు గట్లు వేసి పొలాలు చేసుకున్నారు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు వెనక్కి లాగితేనే పాయ తనను తాను కడుక్కుంటుంది. ఆ నీటికి చోటు తగ్గింది, పూడిక పెరిగింది. 1500 నాటికి పెద్ద ఓడలు రాలేకపోయాయి. వర్తకం ఆంట్వెర్ప్ పోయింది. బ్రూజ్ పేదదైంది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు లేకే ఆ ఊరు అలా మిగిలింది. సరుకు పడవలు ఆగిపోయినా చాలా కాలువలను పూడ్చలేదు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి పాత పడవల కాలువను పూడ్చి రోడ్డు వేయొచ్చని రిపోర్టు రాసింది నేనే. పడవలు తిరగట్లేదు గనుక కాలువ అక్కర్లేదన్నాను. మా నాన్న విని, "పడవలు ఆగిపోయాయి సరే, వానలు కూడా ఆగిపోతాయేంట్రా?" అన్నారు. నవ్వేశాను. మరుసటి వర్షాకాలం ఆ వీధిలో మూడు రోజులు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆయన లేరు. బ్రూజ్ పడవలో కూర్చున్నప్పుడు ఆ మాటే వినిపించింది.

మన స్వర్ణోత్సవాల గుర్తుగా బడి వెనక కాలువ మీద శ్లాబు వేసి కార్లకు చోటు చేద్దామని ఒక ప్రతిపాదన ఉంది. శ్లాబు వేయడం కష్టం కాదు, డ్రాయింగు నేనే గీయగలను. కానీ నా మనవి వేరే. ఆ డబ్బుతో ముందు గుర్రపుడెక్క, పూడిక తీయిద్దాం. గట్టు మీద పిల్లలు కూర్చోడానికి నాలుగు రాతి బల్లలు వేద్దాం. ఎస్టిమేటు నేను ఉచితంగా వేసిస్తాను. కార్లు రోడ్డు మీద ఆపుకుని నాలుగడుగులు నడుద్దాం. బ్రూజ్‌లో అందరూ నడుస్తూనే ఉన్నారు.

సెలవు.