కంప్యూటరు కొనడమా, బిగించుకోవడమా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పే పంతుల్ని. కంప్యూటరు ఇంజనీరును కాను. అయినా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. అందుకు కారణం లేకపోలేదు. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చి అడిగేది ఒకటే. "సార్, పిల్లవాడు పాలిటెక్నిక్‌లో చేరాడు, కంప్యూటరు కావాలంటున్నాడు. కంపెనీది కొనమంటారా, సామాను తెచ్చి అసెంబుల్ చేయించమంటారా?" ఈ ప్రశ్నకు గుమ్మంలో నిలబడి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మనలో చాలామందికి అది ఏడాది పొదుపు. అందుకని నాకు తెలిసినదంతా ఇక్కడ మనవి చేస్తాను.

అసలు టీవీనో, ఫ్రిజ్జునో ఇంట్లో బిగించుకోము గదా, కంప్యూటరుకు మాత్రం ఈ వీలు ఎలా వచ్చింది? 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు చాలా భాగాలను బయటి కంపెనీల వద్దనే కొన్నది. దాని నిర్మాణ వివరాలను పుస్తకంగా కూడా అచ్చు వేసింది. దానితో ఇతరులు కూడా దానికి సరిపోయే భాగాలు తయారు చేయసాగారు. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే కొలతలను ప్రకటించింది. ఆ కొలతల ప్రకారం చేసిన బోర్డు ఒక కంపెనీది, పెట్టె ఇంకొకరిది, కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మరొకరిది అయినా ఒకదానికొకటి కూర్చుంటాయి. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్టు, ఫ్యాను - ఈ ఏడూ కలిస్తే కంప్యూటరు. ఆటలు, వీడియో ఎడిటింగు వంటి పెద్ద పనులుంటే గ్రాఫిక్స్ కార్డు ఎనిమిదోది.

ఇక నా అనుభవం చెబుతాను. నేను మూడు కంప్యూటర్లు వాడాను, మూడింటి వద్దా దెబ్బ తిన్నాను.

మొదటిది 2004లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఒక దుకాణంలో 26 వేలు పెట్టి అసెంబుల్ చేయించాను. కంపెనీదాని కన్నా ఆరేడు వేలు మిగిలిందని సంతోషపడ్డాను. దుకాణదారు తెల్లకాగితం మీద "కంప్యూటర్ ఒకటి" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. పదకొండో నెలలో హార్డ్ డిస్కు పోయింది. వెళ్లి అడిగితే "ఇది మా డిస్కే కాదు" అన్నాడు. నా వద్ద సీరియల్ నంబరు ఏదీ? ఏడు వందల గంటలు కూర్చుని ఇన్‌పేజ్‌లో టైపు చేసిన పదో తరగతి లెక్కల నోట్సు అందులో ఉండిపోయింది. ఉర్దూ మీడియం పిల్లలకు బజారులో గైడ్లు దొరకవని చేసుకున్న నోట్సు అది. డిస్కు డబ్బు మళ్లీ సంపాదించుకున్నాను గాని, ఆ ఏడాది పిల్లలకు మాత్రం ఏమీ ఇవ్వలేకపోయాను.

ఆ భయంతో 2015లో పేరున్న కంపెనీది కొన్నాను. మొదటి ఏడాదిలోనే బోర్డు పోయింది. ఫోను చేస్తే మూడో రోజు మనిషి ఇంటికి వచ్చి, ఒక్క రూపాయి తీసుకోకుండా కొత్తది వేసి వెళ్లాడు. భేష్ అనుకున్నాను. వారంటీ తీరిన తరువాత ఎస్ఎంపీఎస్ పోయింది. మన కర్నూలు బజారులో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ తెస్తే దాని పిన్నులు వేరు, కొలత వేరు, పెట్టెలో పట్టదు. ఆ కంపెనీ వాళ్లు తమ సొంత కొలతతో చేశారు. అది తెప్పించుకునేసరికి నెల పట్టింది.

మూడోది 2022లో నేనూ, పాలిటెక్నిక్ చదివే మా అమ్మాయీ కలిసి బిగించాము. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి సామాను తెచ్చాము. ప్రాసెసరు ఎంచేటప్పుడు దుకాణం వాడు రైజెన్ 5 5600 చూపించాడు. అమ్మాయి "వద్దు అబ్బా, మనకు 5600జి కావాలి" అంది. జి అక్షరం ఉన్నదానిలో తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, అది లేనిదానికి వేరే కార్డు కొనాలి. ఇంటెల్‌లో 12400ఎఫ్ వంటి వాటికి చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఒక్క అక్షరం వద్ద వేల రూపాయల తేడా చూడండి!

ఇంటికి వచ్చి అన్నీ బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. రెండు గంటలు చెమటలు కక్కాను. డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరైందే అనుకున్నాను. అమ్మాయి నెమ్మదిగా బోర్డుతో వచ్చిన పుస్తకం తెరిచి, ప్రాసెసరుకు విడిగా కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల తీగ పెట్టలేదని కనిపెట్టింది. పెట్టగానే వెలిగింది. ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరి కంప్యూటరు ఆగినా అమ్మాయినే పిలుస్తున్నారు.

మరి ఏది మంచిది? ధర ఒక్కటే చూసి చెప్పరాదు. ధరలు నిలకడగా ఉండవు. 2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వలన ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. నిన్నటి లెక్క ఇవాళ చెల్లదు. కొనే రోజున రెండింటి ధరా కాగితం మీద రాయించుకుని పోల్చాలి. దానికన్నా ముందు ఇంట్లో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: ఇది ఆగిపోయిన రోజున ఎవరు చూస్తారు? విడిగా కొన్న భాగాలకు ఒక్కొక్కదానికి ఒక్కో వారంటీ. ప్రాసెసరుకు సాధారణంగా మూడేళ్లు, కొన్ని ఎస్ఎస్‌డీలకు అయిదేళ్లు కూడా ఇస్తారు. అయితే పోయిన భాగం ఏదో మనమే కనిపెట్టాలి, మనమే మోసుకుపోవాలి. కర్నూలు నుంచి సికింద్రాబాదుకు రెండుసార్లు పోయి వస్తే మిగిలిందనుకున్న డబ్బు బస్సు టికెట్లకే సరి. ఇంట్లో చూసుకునే మనిషి లేకుంటే, ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉన్న కంపెనీదే కొనండి.

రెండవది: ఏం పనికి? టైపింగు, ఇంటర్నెట్టు, ఆన్‌లైన్ పాఠాలకైతే కంపెనీ వాళ్ల చిన్న కంప్యూటరు చాలు. గ్రాఫిక్స్, వీడియో, డిజైనింగు నేర్చుకునే పిల్లలకైతే బిగించుకున్నదే మేలు. ఇవాళ 16 జీబీ ర్యామ్ వేసి, రెండేళ్ల తరువాత పెంచుకోవచ్చు. కాని బోర్డు ఏ రకమో చూసుకోండి. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో కూర్చోదు.

మూడవది: విండోస్ లైసెన్సు లెక్కలో ఉందా? కంపెనీవాటిలో చాలా వాటికి అది కలిపే ఇస్తారు. దుకాణంలో బిగించినదానికి "ఊరికే వేసి ఇస్తాం" అంటారు. అది దొంగ కాపీ. మన పిల్లల చదువు దొంగ సొత్తుతో మొదలు కారాదు. డబ్బు లేకుంటే ఉబుంటు వంటివి ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి. వాటిలో ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా టైపు చేసుకోవచ్చు.

అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. కిందటేడు మన పేటలో ఒక తల్లి గాజులు తాకట్టు పెట్టి కొడుక్కి "ఐ7 కంప్యూటరు" కొన్నది. విప్పి చూస్తే అది 2012 నాటి మూడో తరం ప్రాసెసరు. ఐ7 అన్న పేరు నిజమే, వయసు మాత్రం చెప్పలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అనుమతి. కాబట్టి పేరు అడిగితే చాలదు, తరం కూడా అడగండి.

ఏది కొన్నా జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. అందులో ప్రతి భాగం పేరు, మోడలు, సీరియల్ నంబరు రాయించండి. ఆ కాగితం ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మీ వెనుక ఉంటుంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఎస్ఎంపీఎస్ వద్ద పొదుపు చేయకండి, నాసిరకానిది కాలిపోతూ బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. పిల్లల రాతలకు వేరే డిస్కులో ఇంకొక నకలు పెట్టండి. నా నోట్సు గతి ఎవరికీ పట్టకూడదు.

చివరగా మన సంఘం సంగతి. స్టడీ సెంటరుకు ఆరు కంప్యూటర్లు కొనాలని తీర్మానించాము. చందా డబ్బు అమానతు. ఈసారి కార్యదర్శి వేరు, వచ్చేసారి వేరు. ఎవరో ఒకరి నైపుణ్యం మీద దాన్ని నిలబెట్టరాదు. అందుచేత అయిదు మాత్రం ఒకే మోడలువి, మూడేళ్ల ఇంటి వద్ద వారంటీతో కంపెనీవి కొందామని నా సలహా. ఆరోదానికి సామాను తెచ్చి పిల్లల ముందు పెడదాము. విప్పనీయండి, బిగించనీయండి, తప్పు చేయనీయండి. నల్లని తెర ముందు రెండు గంటలు కూర్చోనీయండి. అయిదింటిలో చదువు ఆగకుండా సాగుతుంది, ఆరోదానితో వాటిని రేపు బాగుచేసే పిల్లలు తయారవుతారు.